సౌత్ ల్హోనాక్ సరస్సు: నేరం వానదేనా?

2023 అక్టోబరు 3 రాత్రి ఉత్తర సిక్కింలో కుండపోత వాన కురిసి సౌత్ ల్హోనాక్ సరస్సు తెగిందన్నది తొలి వార్తల మాట. జనం నోట ఇప్పటికీ అదే నిలిచింది. ఆ సరస్సు పుట్టుక చూస్తే అది నమ్మదగ్గ మాట కాదు. తీస్తా నది ఎగువన, సుమారు 5,200 మీటర్ల ఎత్తున, హిమానీనదం కరిగి వెనక్కి జరిగిన మేరా గుంతలో నీరు చేరింది. 1976లో 0.2 చదరపు కిలోమీటర్లున్న నీటి విస్తీర్ణం 2023 నాటికి 1.67కి పెరిగింది. ఆ నీటిని ఆపింది రాతి కొండ కాదు, హిమానీనదం తోసి పోగేసిన రాళ్లూ మట్టీ మంచూ కలిసిన గట్టు.

వానకు పాత్రే లేదనలేం. కింది లోయలో వాగులు పొంగడంలో వాన చేయి ఉంది. అయితే కుండపోత అనాలంటే గంటకు 100 మిల్లీమీటర్లు పడాలి. దగ్గరి వర్షమాపకాల లెక్కలు ఆ దరిదాపుల్లో కూడా లేవు. ఆ రోజే నేపాల్‌లో వచ్చిన భూకంపాన్ని కొందరు కారణంగా చూపారు. అదీ వందల కిలోమీటర్ల అవతలి సంగతి. 2025లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, సరస్సు ఉత్తరపు ఒడ్డు నుంచి గడ్డకట్టిన గట్టు దాదాపు కోటీ 47 లక్షల ఘనపు మీటర్ల మేర ఒక్కసారిగా నీళ్లలో కూలింది. సుమారు 20 మీటర్ల అల లేచి ముందరి గట్టును కోసేయగా, దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు లోయలోకి దూకింది. ఆ ఒడ్డు ఏళ్ల తరబడి జారుతూనే ఉందని ఉపగ్రహ చిత్రాలు చూపుతున్నాయి. మంచు పట్టు సడలుతూ వచ్చిన గట్టు అది.

ముందే ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రజ్ఞులు 2013లోనే ఈ సరస్సు తెగే అవకాశం 42 శాతమని లెక్కగట్టారు. 2016లో పైపులు వేసి కొంత నీరు తోడారు. అది మంచి పనే, కానీ నీటిమట్టం తగ్గిస్తే పక్క ఒడ్డు జారడం ఆగదు. 2023 సెప్టెంబరులో పరికరాలు పెట్టడం మొదలైంది. హెచ్చరిక వ్యవస్థ పూర్తి కాకముందే వరద వచ్చింది. దిగువన చుంగ్‌థాంగ్‌లో 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి వందకు పైనే. అక్కడే 118.64 మీటర్ల కాంక్రీటు ఆనకట్టకు 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల సంఘం సిఫారసు చేసింది. కొత్తది గట్టిదే కావచ్చు. సరస్సు ఒడ్డు కదలికను కొలిచి, దిగువ ఊళ్లకు సమయానికి కబురందే ఏర్పాటు చేయకుండా ఆ సిఫారసును అమలు చేయడం నాకు సమ్మతం కాదు.