వెనక బెంచీ మీద కూర్చున్న గురువు

బీఈడీ చేసినవాళ్లను ఎవరిని కదిపినా టీచింగ్ ప్రాక్టీసు గురించే చెబుతారు. రాత్రంతా మేలుకుని గీసిన చార్టులు, లెసన్ ప్లాన్ రికార్డులు, వెనక బెంచీ మీద కూర్చుని ఏదో రాసుకుంటున్న సూపర్‌వైజరు. సైకాలజీ పేపరు మరిచిపోయినా మొదటి పాఠం చెప్పిన రోజు మరిచిపోరు. కాలేజీ చదువుకూ బడిలో పాఠం చెప్పడానికీ ఇలా ముడి పడడం వెనక రెండు శతాబ్దాలకు పైబడిన కథ ఉంది. అందులో ఒక ముఖ్యమైన మలుపు మద్రాసులోనే జరిగింది.

1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరి పర్యవేక్షకుడయ్యాడు. ఒకరోజు దారిలో ఒక అరుగు బడి కనిపించింది. పిల్లలు ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలకా కాగితం ఏవీ అక్కర్లేని ఆ పద్ధతి ఆయనకు నచ్చింది. తన బడిలోనూ అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు కుదరదన్నారు. బెల్ వాళ్లను వదిలేసి, ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ పని అప్పజెప్పాడు. వాడు చిన్నపిల్లలకు చక్కగా నేర్పేశాడు. 1797లో బెల్ ఈ ప్రయోగం గురించి లండన్లో పుస్తకం వేశాక దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. మన వీధిబడి పంతుళ్లు తరతరాలుగా చేస్తున్నదాన్ని చూసి కట్టిన పద్ధతి అది. వాళ్లలో ఒక్కరి పేరూ చరిత్రకెక్కలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంగ్లండులో ఆ పద్ధతి బాగా పాకింది. నేర్పడం నేర్పుతూనే వస్తుందన్న నమ్మకం అక్కడ బలపడింది. 1846 నుంచి 13 ఏళ్ల పిల్లలను అయిదేళ్లపాటు బడిలోనే పంతులుగారి కింద ఉంచి పని నేర్పించారు. అనుభవం కావలసినంత దొరికేది, చదువు మాత్రం చాలేది కాదు. పారిస్‌లో అంతకుముందే దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. 1795లో ఎకోల్ నార్మల్ అనే ఉపాధ్యాయ శిక్షణ సంస్థ తెరిచి, లగ్రాంజ్, లాప్లాస్ అంతటివాళ్ల చేత వెయ్యిమందికి పైగా విద్యార్థులకు ఉపన్యాసాలిప్పించారు. నాలుగు నెలలకే అది మూతపడింది.

బడి అనుభవాన్నీ కాలేజీ చదువునూ ఒకచోటికి తెచ్చిన ప్రయత్నాల్లో నన్ను ఎక్కువగా కదిలించేది అమెరికాలోని లెక్సింగ్టన్ కథ. మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి హోరేస్ మాన్ ప్రష్యాలోని ఉపాధ్యాయ శిక్షణ గురించి విని, అటువంటిది తమకూ కావాలని పట్టుబట్టాడు. ఎడ్మండ్ డ్వైట్ అనే వ్యాపారి పదివేల డాలర్లిస్తానన్నాడు. ప్రభుత్వం అంతే మొత్తం కలిపింది. 1839 జులై 3న నార్మల్ స్కూలు, అంటే ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే ప్రభుత్వ సంస్థ, తలుపులు తెరిస్తే ప్రవేశ పరీక్షకు వచ్చింది ముగ్గురే ముగ్గురు అమ్మాయిలు.

అధ్యాపకుడు సైరస్ పియర్స్ ఒక్కడే. ఆ ఏడాదే ఆ నార్మల్ స్కూలుకు అనుబంధంగా ఒక మోడల్ స్కూలు పెట్టారు. ఊళ్లోని చిన్నపిల్లలను అందులో చేర్చుకున్నారు. శిక్షణకు వచ్చిన అమ్మాయిలు వంతులవారీగా వెళ్లి పాఠాలు చెప్పేవారు. పియర్స్ వెళ్లి కూర్చుని గమనించి, లోపాలు రాసుకుని, తర్వాత వాళ్లకు విడమర్చి చెప్పేవాడు. ఒక్కోసారి తానే పాఠం చెప్పి వాళ్లను చూడమనేవాడు. నార్మల్ స్కూలు తరగతులు, మోడల్ స్కూలు పర్యవేక్షణ, ఇతర పనులన్నీ తన నెత్తినే వేసుకున్నాడు. 1842లో ఆరోగ్యం చెడి తప్పుకున్నాడు, 1844లో మళ్లీ వచ్చాడు. ఈలోగా 1840లో శాసనసభలో కొందరు విద్యామండలినీ నార్మల్ స్కూళ్లనూ ఎత్తేయాలని తీర్మానం తెచ్చారు. అది వీగిపోయింది కాబట్టి సరిపోయింది.

జర్మనీలో తత్వవేత్త హెర్బార్ట్ ఇంకా ముందే, 1810 ప్రాంతంలో, కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి ప్రయత్నమే చేశాడు. ఆయన శిష్యపరంపరలోని జిల్లర్, రైన్ పాఠాన్ని అయిదు మెట్లుగా విడగొట్టారు. సన్నాహం, ప్రదర్శన, పోలిక, సాధారణీకరణ, అన్వయం. మన లెసన్ ప్లాన్ రికార్డుల్లో గీతలు కొట్టి నింపిన గళ్లకు మూలం అక్కడే ఉంది.

మన దేశంలో 1854 నాటి ఉడ్ డిస్పాచ్ అనే విద్యావిధాన పత్రం ఉపాధ్యాయ శిక్షణ అవసరమంది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. తెలుగువాళ్లు ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ పట్టా కోసం అంతదూరం వెళ్లనక్కర్లేకుండా 1894లో రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ పెట్టారు. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్లాక వందేమాతరం బ్యాడ్జీల గొడవలో ఇక్కడ చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఈ కాలేజీ నుంచే బహిష్కరించారు. ప్రభుత్వం బడిలో అడుగుపెట్టనివ్వని ఆ మనిషి ఆ తర్వాత గ్రంథాలయోద్యమంలోనూ వయోజన విద్యలోనూ జీవితమంతా పనిచేశాడు.

1963లో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం తెచ్చిన మైక్రో టీచింగ్ శిక్షణ పద్ధతిలో మరో అడుగు. కొద్దిమందికి కొద్ది నిమిషాలు, ఒకే నైపుణ్యం. మన దగ్గర స్థిరపడిన లెక్క ప్రకారం ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు దానిమీద చర్చ, పన్నెండు నిమిషాల్లో ప్లాన్ మార్చుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, ఆరు నిమిషాలు మళ్లీ చర్చ. మొత్తం 36 నిమిషాల్లో పాఠం చెప్పేది పన్నెండే. మిగతాదంతా చెప్పినదాన్ని గురించి మాట్లాడుకోవడం, సరిదిద్దుకోవడం. పియర్స్ ఒంటిచేత్తో చేసిన పనికే ఇక్కడ గడియారం పెట్టారు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. 20 వారాలు బయట పని చేయాలి, అందులో 16 వారాలు బడిలోనే. వారాలు పెరగడం మంచిదే. కానీ ఛాత్రోపాధ్యాయులను సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు నింపడానికి వాడుకునే బడులున్నాయి. నెలకోసారి వచ్చి రికార్డుల మీద సంతకాలు పెట్టి వెళ్లే పర్యవేక్షణా ఉంది. ఆ పదహారు వారాల్లో వారానికొక పాఠమైనా మెథడ్ లెక్చరర్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. ఆ సాయంత్రమే ఆ అమ్మాయితోనో అబ్బాయితోనో దాని గురించి మాట్లాడాలి. తన క్లాసు అప్పగించిన స్కూలు టీచరుకు ఆ పనికోసం పీరియడ్లు తగ్గించాలి. రికార్డులో సంతకం ఇవన్నీ అయ్యాకే పడాలి.