మాన్య సంఘం

హైదరాబాదు రాజ్యంలో దళితులు తమ వాడల కోసం తామే నడిపిన తొలితరం సేవాసంస్థల్లో మాన్య సంఘం ఒకటి. 1911లో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) దీన్ని స్థాపించారు. 1920ల మొదట్లో ఇది ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది.

సంఘానికి పునాది 1906 నాటి జగన్మిత్ర మండలి. అక్షరం దక్కని జనానికి కరపత్రాలు పంచి లాభం లేదు గనుక మండలి హరికథలను నమ్ముకుంది. తాగుడు మానమని, బాల్యవివాహాలు వద్దని, ఆడపిల్లల్ని దేవుడి పేర జోగినులుగా వదలొద్దని ఆ కథల మధ్యనే చెప్పేవారు. అయితే ఇంత చెప్పినా పిల్లలకు బడి లేకపోతే ఏ మార్పూ నిలవదు. అందుకే 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల బడులు తెరిచారు. సర్కారు చదువంతా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో ఇక్కడ తెలుగులో పాఠాలు చెప్పారు. ఆ బడులు క్రమంగా 26కు పెరిగాయి. సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు. ఈ ఉద్యమం సాధించినవాటిలో అన్నిటికన్నా గట్టిది ఇదే. తర్వాత ఈ బడులను నిజాం ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది.

వాడలో తగవులు తీర్చుకోవడానికి పంచాయితీలూ ఏర్పడ్డాయి. రాయ్ బాల్ముకుంద్, వామన్ నాయక్ వంటి పై కులాల ఉదారులు తోడు నిలిచారు. వారి సాయం విలువైనదే. కానీ ఏది ముందు కావాలో నిర్ణయించింది మాత్రం అవమానం అనుభవించినవాళ్లే. పైనుంచి చేసిన దయకూ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది.

సేవ హక్కుల వైపు మళ్లడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. దళితులను నాలుగు వర్ణాలకు బయట ఐదోవారిగా చూపే ‘పంచములు’ అన్న పేరునే ఆయన నిరాకరించారు. తాము ఈ నేలకు మూలవాసులమని వాదించారు. సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. హైదరాబాదు రాజ్యంలోనూ 1931 జనగణనలో దళితులను ఆది హిందువులుగా నమోదు చేయాలన్న కోరికను నిజాం ప్రభుత్వం అంగీకరించింది. అప్పటికి రెండు దశాబ్దాలుగా నడుస్తున్న బడులు, సభలు లేకపోతే ఆ కోరిక వినేవారు ఉండేవారు కాదు.

తెలుగునాట సంఘసేవ చరిత్ర రాసేవారు కందుకూరి వీరేశలింగం హితకారిణీ సమాజంతో పాటు ఈ వాడ బడులకూ సమానమైన చోటు ఇవ్వాలి.