కోట తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలి?

1777 జూన్ 20న కలకత్తాలో సైన్యాధిపతి జనరల్ జాన్ క్లావరింగ్ తానే గవర్నర్ జనరల్‌నని ప్రకటించుకున్నాడు. అప్పటి గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ తరఫు మనిషి లండన్‌లో రాజీనామా ఇచ్చేశాడన్న కబురు అప్పుడే ఓడ మీద వచ్చింది. దాన్ని ఆసరా చేసుకుని క్లావరింగ్ ప్రమాణం చేశాడు. కౌన్సిల్ బల్ల దగ్గర తోటి సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్‌తో కూర్చుని, కోట తాళంచెవులూ ఖజానా తాళంచెవులూ అప్పగించమని హేస్టింగ్స్‌కు కబురు పెట్టాడు. హేస్టింగ్స్ మరో గదిలో ఇంకో సభ్యుడు బార్వెల్‌తో సమావేశం నడుపుతున్నాడు. తాళంచెవులు ఇవ్వలేదు సరికదా, తన మాట తప్ప ఇంకెవరి మాటా వినొద్దని ఫోర్ట్ విలియం అధికారికి ఉత్తర్వు పంపాడు. తగువు సుప్రీం కోర్టు న్యాయమూర్తుల దాకా వెళ్లింది. హేస్టింగ్స్ పదవి ఖాళీ కాలేదని వాళ్లు ఏకగ్రీవంగా తేల్చారు. క్లావరింగ్ దిగివచ్చాడు, ఆ ఆగస్టు నెలాఖరులోనే కన్నుమూశాడు.

మన దేశంలో సైన్యాధిపతి అధికారానికి హద్దులు 1947 తర్వాత ఢిల్లీలో గీశారని, నెహ్రూకు జనరల్స్ మీదున్న అనుమానమే దానికి మూలమని చాలామంది నమ్ముతారు. ఆ హద్దు అంతకన్నా పాతది. కత్తి పట్టినవాడికే ఖజానా, కచేరీ కూడా అప్పగిస్తే ఏమవుతుందో కలకత్తా పాలకులు మొదట ప్రమాదంగా చూశారు, తర్వాత పట్టించుకోకుండా దెబ్బతిన్నారు. దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, ఈస్టిండియా కంపెనీ పాలకుల్ని పౌరపాలనకు ఆదర్శంగా ఎలా చూపిస్తామని. అది న్యాయమైన ప్రశ్నే. హేస్టింగ్స్ కాపాడుకున్నది ప్రజల అధికారం కాదు, ఒక వ్యాపార సంస్థ పెత్తనం. ఆ సూత్రానికి ప్రజాస్వామ్య అర్థం 1950లో రాజ్యాంగంతో గానీ రాలేదు. రెండోది, 1786లో కార్న్‌వాలిస్‌కు గవర్నర్ జనరల్, సైన్యాధిపతి పదవులు రెండూ కలిపే ఇచ్చారు కదా అని. ఇచ్చారు, కొందరికి ఆ తర్వాతా ఇచ్చారు. అయితే అక్కడ లండన్ డైరెక్టర్లకు జవాబు చెప్పుకోవలసిన గవర్నర్ జనరల్ సైన్యాన్ని కూడా తన కింద పెట్టుకున్నాడు. సైన్యాధిపతి తన బలంతో గవర్నర్ గద్దె ఎక్కిన సందర్భం లేదు.

అసలు పరీక్ష 1902లో సైన్యాధిపతిగా కిచెనర్ రాకతో మొదలైంది. వైస్రాయ్ కౌన్సిల్‌లో సైనిక సభ్యుడనే పదవి ఉండేది. హోదాలో సైన్యాధిపతి కన్నా చిన్నవాడే అయినా, సరఫరాలు, ఖర్చులు ఆయన చూసేవాడు. సైన్యాధిపతి పంపిన ప్రతి ప్రతిపాదన మీదా వైస్రాయ్‌కు తన అభిప్రాయం రాసిచ్చేవాడు. ఒక సైన్యానికి ఇద్దరు యజమానులేమిటని కిచెనర్ పట్టుబట్టాడు. ఆ పదవి పోతే వైస్రాయ్‌కు రెండో సలహా చెప్పేవాడే ఉండడని అప్పటి వైస్రాయ్ కర్జన్ వాదించాడు. బెంగాల్‌ను చీల్చిన కర్జన్‌ను సమర్థించడం నాకు ఇష్టం లేదు, కానీ ఈ విషయంలో ఆయన మాటే నిజమైంది. లండన్ కిచెనర్ వైపు మొగ్గింది. 1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు. 1909 నాటికి రెండు బాధ్యతలూ పూర్తిగా ఒకే మనిషి నెత్తిన పడ్డాయి. ఫలితం మొదటి ప్రపంచ యుద్ధంలో, మెసొపొటేమియాలో తేలింది. టైగ్రిస్ నది మీద పడవలు చాలలేదు, గాయపడ్డవాళ్లకు వైద్యం అందలేదు. 1916 ఏప్రిల్ 29న కూత్‌లో పదమూడు వేల మంది వరకు లొంగిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయ సిపాయిలే. మరుసటి ఏడు విచారణ సంఘం సైన్యాధిపతి బోషాం డఫ్‌ను తప్పుపట్టింది. ఆ రెండు కొలువులూ ఒక్కడు మోయగలిగేవి కావంది.

1946 సెప్టెంబరులో తాత్కాలిక ప్రభుత్వంలో రక్షణ శాఖ పౌర నాయకుడైన బల్దేవ్ సింగ్‌కు దక్కింది. కిచెనర్ గెలుచుకున్నది దాంతో పోయింది. 1950లో సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిదయింది, 1955లో కమాండర్-ఇన్-చీఫ్ అన్న బిరుదే రద్దయింది. మధ్యలో, సైనికుడికే పాలన అప్పగించిన ఉదాహరణ తెలుగువాళ్లకు దగ్గరిది ఒకటుంది. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగిపోయాక బెంగాలీ అయిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి హైదరాబాదుకు మిలిటరీ గవర్నరయ్యారు. ముస్లింల మీద జరిగిన హింసను సుందర్‌లాల్ బృందం నమోదు చేసింది. తెలంగాణ పల్లెల్లో రైతు దళాల మీద సైన్యం విరుచుకుపడింది. ఏడాది దాటాక పాలన పౌర అధికారి వెల్లోడి చేతికి వచ్చింది. అదే చౌదురి 1962లో సైన్యాధిపతి అయ్యారు.

1962 ప్రస్తావన రాగానే ఇంకో మాట వినిపిస్తుంది: పౌర నాయకుల పెత్తనం వల్లే కదా చైనా చేతిలో ఓడిపోయాం? నిజానికి అక్కడ లోపించింది సైనికుల సలహా వినే ఓపిక. హద్దు ఉండటం వేరు, చెవి మూసుకోవడం వేరు. ఆ ఓటమి తర్వాత, 1963లో, ఈస్టర్న్ కమాండ్ లక్నో నుంచి కలకత్తా వచ్చింది. 1971 ఏప్రిల్‌లో, ఒకప్పుడు ఆ కమాండ్‌నే నడిపిన సైన్యాధిపతి మానెక్‌షా, తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధానికి సైన్యం ఇంకా సిద్ధంగా లేదని ఇందిరాగాంధీతో చెప్పారు. ప్రభుత్వం ఆగింది. ఆ డిసెంబరులో ఫోర్ట్ విలియం నుంచి ఈస్టర్న్ కమాండ్ అధిపతి జగ్జీత్ సింగ్ అరోరా యుద్ధం నడిపారు. సిల్హెట్ వైపు తెలుగువాడైన కె.వి. కృష్ణారావు 8వ మౌంటెన్ డివిజన్‌కు నాయకత్వం వహించారు. పదేళ్ల తర్వాత ఆయనే సైన్యాధిపతి. ఎప్పుడు, ఎందుకు అన్నది ప్రభుత్వం తేల్చింది, ఎలా అన్నది జనరల్స్ తేల్చారు. ఢాకా పదమూడు రోజుల్లో లొంగింది. కోటలోని కిచెనర్ హౌస్‌కు ఈమధ్య మానెక్‌షా పేరు పెట్టడం నాకు ఎంతో సబబనిపించింది.

2020 జనవరి 1న బిపిన్ రావత్‌తో మొదలైన చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవిని ఈ వెలుగులో చూడాలి. 2022లో ఆ పదవికి వచ్చిన అనిల్ చౌహాన్ అంతకుముందు ఫోర్ట్ విలియంలో ఈస్టర్న్ కమాండ్ అధిపతి. ఈ పదవిలో ఉన్న అధికారి సైనిక వ్యవహారాల శాఖకు కార్యదర్శి కూడా, అంటే యూనిఫాం వేసుకున్న మనిషికి సచివాలయంలో కుర్చీ దక్కింది. అయినా త్రివిధ దళాధిపతుల మీద ఆజ్ఞాధికారం ఆయనకు లేదు, పెద్ద ఆయుధాల కొనుగోళ్ల పద్దు రక్షణ కార్యదర్శి దగ్గరే ఉంది. మూడు దళాలూ ఎవరి దారిన వాళ్లు పోకుండా కలిసి పనిచేయాలన్న అవసరాన్ని కార్గిల్ చూపించింది, కాబట్టి ఈ పదవి అవసరమే. మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టే థియేటర్ కమాండ్ల చర్చలో మాత్రం ఆజ్ఞాధికారాన్నీ, కార్యదర్శి కుర్చీనీ, కొనుగోళ్ల పద్దునూ ఒకే మనిషికి కట్టబెట్టే ప్రతిపాదన వస్తే, అది ఎంత సమర్థుడి కోసమైనా సరే, పార్లమెంటు తిరస్కరించాలి.