మత్స్య జలాలకు గస్తీ నౌకల కాపలా

తీర ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. ఈ మండలిలోని మత్స్యసంపదపై సార్వభౌమ హక్కులు తీర దేశానివే. భారత పార్లమెంటు 1976లో ఈ హద్దులను చట్టబద్ధం చేసింది. అనుమతి లేకుండా విదేశీ నౌకలు ఇక్కడ చేపలు పట్టడాన్ని 1981 నాటి చట్టం నిషేధించింది.

ఈ చట్టాల అమలులో 1977 ఫిబ్రవరి 1న ఏర్పడిన భారత తీర రక్షక దళానిది కీలక పాత్ర. గస్తీ నౌకలు, విమానాలు నిరంతరం నిఘా ఉంచుతాయి. అనుమానిత నౌకను ఆపి, సిబ్బంది అందులోకి ఎక్కి అనుమతి పత్రాలను, పట్టిన చేపలను తనిఖీ చేస్తారు. ఉల్లంఘన జరిగినట్లు తేలితే నౌకను రేవుకు తరలిస్తారు.

ఈ కాపలా మన మత్స్యకారులకూ అవసరమే. నీటిపై సరిహద్దు గీత కనిపించదు. సర్ క్రీక్ వద్ద భారత్, పాకిస్థాన్‌ల మధ్య అది నేటికీ ఖరారు కాలేదు. ఉపాధి కోసం గుజరాత్ తీరానికి వెళ్లిన ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులు 2018లో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అందుకే మన పడవలను హద్దు దాటకముందే హెచ్చరించి వెనక్కి మళ్లించడమూ గస్తీ నౌకల విధుల్లో భాగమే. సముద్రంలో ఆపద ఎదురైతే తీర రక్షక దళాన్ని 1554 నంబరులో సంప్రదించవచ్చు.