రసీదు లేని దొంగతనాన్ని లెక్కగట్టడం ఎలా?

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తొస్తాయి. ఈరోజు చెప్పబోయేది మొన్నమొన్నటి చరిత్ర, అదీ దొంగలెక్కలు పట్టుకున్నవాళ్ల చరిత్ర. ప్రభుత్వం వంద రూపాయలు పంపితే కూలీ చేతికి ఎంత వచ్చింది? మధ్యలో మింగినవాడు రసీదు ఇవ్వడు కదా. మరి మింగింది ఎంతో తేల్చడం ఎలా? ఇదే పనిగా పెట్టుకున్న ఆర్థికవేత్తలు ఉన్నారు. ఈ విద్యని ఫోరెన్సిక్ ఎకనామిక్స్ అంటారు. ప్రమాదంలో పోయిన మనిషి బతికుంటే ఎంత సంపాదించేవాడో అమెరికా కోర్టులకి లెక్కగట్టి చెప్పేవాళ్లు కూడా ఇదే పేరు పెట్టుకుంటారు. అది వేరే కథ, ఇవాళ దాని జోలికి పోవడం లేదు.

కిటుకు చాలా చిన్నది. ఒకే సొమ్ముకి రెండు లెక్కలు కావాలి. ఆ రెండూ రెండు వేర్వేరు చేతులు రాసినవై ఉండాలి. పక్కపక్కన పెడితే తేడా దానంతటదే బయటపడుతుంది.

ఉగాండాలో రిత్వ రైనిక్కా, యాకోబ్ స్వెన్సన్ చేసింది ఇదే. 1991 నుంచి 1995 దాకా ప్రాథమిక పాఠశాలలకి కేంద్ర ప్రభుత్వం ఎంత గ్రాంటు విడుదల చేసిందో రాజధానిలో కాగితాలున్నాయి. బళ్లకి వెళ్లి, వాళ్ల పుస్తకాల్లో ఎంత జమ అయిందో చూశారు. సగటున చేరింది 13 శాతం! చాలా బళ్లకి పైసా కూడా రాలేదు. ఆ తర్వాత ఏ జిల్లాకి ఎంత పంపుతున్నారో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకి చేరే వాటా బాగా పెరిగింది.

డబ్బు సరే, రోడ్డు వేశారనుకోండి. అప్పుడెలా? ఇండోనేషియాలో 2003, 2004 ప్రాంతాల్లో బెంజమిన్ ఓల్కెన్ అనే ఆయన ఆరు వందలకి పైగా గ్రామాల్లో కొత్త రోడ్లని తవ్వించాడు. ఎంత కంకర, ఎంత ఇసుక పడిందో ఇంజినీర్లు కొలిచారు. బిల్లులో రాసినదానికీ, భూమిలో ఉన్నదానికీ తేడా చూశారు. మీకు అనుమానం రావచ్చు, కంకర కొంత మట్టిలో కలిసిపోతుంది కదా, దాన్ని కూడా దొంగతనం కింద రాసేస్తారా అని. ఆయనకీ ఆ అనుమానం వచ్చింది. అందుకే తామే కొన్ని చిన్న రోడ్లు వేయించి, దొంగలెవరూ లేకుండానే ఎంత తగ్గుతుందో కొలిచి చూసుకున్నాడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ముక్క అది.

కొన్ని ఊళ్లకి ఆడిట్ తప్పకుండా వస్తుందని ముందే చెప్పారు. అక్కడ మాయమైన ఖర్చు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది. కానీ పనులు పెద్దమనుషుల చుట్టాలకి ఎక్కువగా దక్కాయి. ఒక చెయ్యి కట్టేస్తే ఇంకో చెయ్యి లేచింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కూలి డబ్బులు ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వచ్చేవి. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్ కార్డు తెచ్చింది. ఊళ్లోనే మిషను మీద వేలిముద్ర వేస్తే కూలి చేతికొచ్చేది. ఇది పనిచేస్తుందా లేదా? కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ అడిగిన ప్రశ్న ఇది. ప్రభుత్వం ఒప్పుకున్నది మాత్రం మామూలు విషయం కాదు: ఏ మండలానికి కార్డు ముందు రావాలో లాటరీ వేశారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో 112 మండలాలకి ముందు, 45 మండలాలకి ఆఖరున. ఈ 157 మండలాల్లో కోటీ తొంభై లక్షల మంది జనం. ఎమ్మెల్యే మాట మీద ఎంపిక చేసి ఉంటే, కార్డు వల్ల మారిందా, ఆ మండలమే ముందునుంచీ బాగుందా అన్నది ఎవరూ చెప్పలేకపోయేవారు.

2012లో ఇంటింటికీ వెళ్లి అడిగారు, ఈ వారాల్లో మీకెంత కూలి వచ్చిందని. అదే ఇంటి పేరు మీద ప్రభుత్వ రికార్డులో ఎంత ఉందో చూశారు. కార్డు వచ్చిన మండలాల్లో కూలీలు చెప్పిన సంపాదన సుమారు 24 శాతం పెరిగింది. ప్రభుత్వం చేసిన ఖర్చు మాత్రం పెరగలేదు. అంటే ఏమిటి? దారిలో పోతున్నది ఇంటికి చేరింది. దుర్వినియోగం దాదాపు 40 శాతం తగ్గింది. డబ్బులు ముందుకన్నా త్వరగా వచ్చాయి, తీసుకోవడానికి పట్టే సమయంలో ఒక్కోసారికి ఇరవై నిమిషాల దాకా మిగిలింది. దినకూలీకి ఇరవై నిమిషాలంటే తక్కువేం కాదండీ.

ఇందులో ఒక వింత ఉంది. అసలు లేని మనుషుల పేర్ల మీద తినడం పెద్దగా తగ్గలేదు. తగ్గింది ఇంకో రకం: మనిషి ఉన్నాడు, పని చేయలేదు, అతని పేరు మీద మస్టర్‌లో కూలి పడింది, అతనికి ఆ సంగతే తెలియదు. వేలు అతనిదే కావాలన్నాక, అతనికి చెప్పకుండా తీసుకోవడం కష్టమైపోయింది.

అయినా ఈ కార్డుని ఆపేద్దామా అన్న ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. మింగుడు ఆగినవాళ్ల ఫిర్యాదులు పైకి త్వరగా వెళ్తాయి, కూలీ సంతోషం ఎవరు మోసుకెళ్తారు? సర్వేలో వాడినవాళ్లని అడిగితే 90 శాతం పైగా కార్డే కావాలన్నారు. ఆ అంకె అధికారుల బల్ల మీదకి చేరింది.

అంతమాత్రాన వేలిముద్ర మంత్రదండం అనుకోకండి. ఇదే ముగ్గురు జార్ఖండ్‌లో రేషన్ షాపుల దగ్గర ఆధార్ వేలిముద్రని పరీక్షించారు. అక్కడ ఒక్క వేలిముద్ర పెట్టినంత మాత్రాన దొంగతనం తగ్గలేదు. పైగా ఆధార్ ముందే కలపనివాళ్లలో కొందరు తమ బియ్యం పోగొట్టుకున్నారు. మన దగ్గర మిషనుతో పాటు డబ్బు ఇచ్చే మనిషి, ఇచ్చే చోటు కూడా మారాయి. అక్కడ అదే డీలరు, అదే దుకాణం.

జార్ఖండ్ సంగతి పూర్తిగా చెప్పాలంటే ఇంకో అరగంట కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో అక్కడినుంచే మొదలుపెడదాం.