రామను పండితుని బెంగుళూరు నివాసస్థలములు

పెనుకొండదుర్గమును దర్శించువానికి గగనమహలు, కోటగోడలు, శిలాశాసనములు మార్గదర్శకము లగును. 1565లో జరిగిన తల్లికోటయుద్ధము పిమ్మట తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుకొండను రాజధానిగా జేసికొన్న వృత్తాంతమునకు ఆ శిథిలములే సాక్షులు. హిందూపురమునకు సమీపమునందలి లేపాక్షి యాలయమునందును దాతల కీర్తి శిలలయందే నిలిచియున్నది. ఇక శాస్త్రజ్ఞుని జీవితమునకు సాక్ష్యము లెట్టివి? ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా దక్షిణమునకు బోవు రైలుమార్గము చేరునట్టి బెంగుళూరునగరమే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు. చంద్రశేఖర వేంకటరామను 1933 మొదలు 1970 వఱకు నివసించిన నగరమది.

ఆంధ్రదేశముతో నాయనకు బాల్యముననే సంబంధము కలిగెను. 1888లో తిరుచిరాపల్లియందు జన్మించినను, తండ్రి విశాఖపట్టణమున కళాశాలోపాధ్యాయుడగుటచే రామను అచటనే చదివి, 11వ యేట మెట్రిక్యులేషను పరీక్షయందు గృతార్థుడయ్యెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో వెల్లడించిన కాంతివిశేషమునకుగాను 1930లో నోబెలు బహుమానమును బొందెను.

బెంగుళూరున గాలినడకను ఆయన జాడల నరయువాడు మొదట 1909లో స్థాపితమైన భారతీయ విజ్ఞానసంస్థను జూడవలెను. 1933లో రామను ఆ సంస్థకు ప్రథమ భారతీయాధ్యక్షుడయ్యెను. పాలకవర్గముతో విభేదములు కలుగుటచే 1937లో అధ్యక్షపదవి తొలగెను. ఆచార్యపదవి మాత్రము 1948 వఱకు నిలిచెను. అధికారము పోయినను బరిశోధనము ఆగలేదు. ఆయన శిష్యుడును, ఆంధ్రవిశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యుడుగా నుండినవాడును నగు సూరి భగవంతము 1957లో ఆ సంస్థకే అధ్యక్షుడగుట గమనింపదగినది. గురువు కోల్పోయిన పీఠము శిష్యునకు దక్కెను.

అచటినుండి మల్లేశ్వరము పోయినచో రామను గృహమగు పంచవటి కానవచ్చును. మేఖ్రీకూడలికి సమీపమున ఆయన పేరిటి పరిశోధనాలయమున్నది. 1948లో నెలకొనిన ఆ యాలయమున స్ఫటికములను, వజ్రములను, పుష్పవర్ణములను బరిశీలించుచు రామను శేషజీవితమును గడపెను. 1970 నవంబరు 21వ తేదీన దివంగతుడు కాగా, ఆయన కోరిక ననుసరించి ఆ తోటలోనే దహనము చేసిరి. ఆ తావున సమాధి కట్టలేదు. ఒక చెట్టును నాటిరి.

రాజు శిలను నమ్మెను. శాస్త్రజ్ఞుడు శిష్యులను, చెట్టును నమ్మెను. శిల శిథిలమైనను దానిపై నక్షరములు కొంతకాలము మిగులును. చెట్టు పడినచో దాని కథను జెప్పునది వేఱొకటి లేదు. కావున శాసనములను సేకరించు శ్రద్ధతోడనే ఇట్టి స్థలముల వృత్తాంతమును గూడ గ్రంథస్థము చేయుట చరిత్రకారులకు విధియగుచున్నది.