‘మీరెవరు?’ అనే ప్రశ్న నడిచిన దారి

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడి కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. చదువు చెప్పమని వచ్చిన కుర్రాణ్ని హారిద్రుమత గౌతముడు మొట్టమొదట అడిగింది, నీ గోత్రమేమిటని. తెలియదు, మా అమ్మ పేరు జబాల, నా పేరు సత్యకాముడు అని ఉన్నమాట చెప్పాడు కుర్రాడు. నిజం చెప్పినందుకు గురువు మెచ్చుకుని చేర్చుకున్నాడని మనం చెప్పుకుంటాం. ఆ మెప్పు వెనకున్న మాటను మాత్రం తరచూ వదిలేస్తాం. బ్రాహ్మణుడు కానివాడు ఇంత నిక్కచ్చిగా చెప్పలేడన్నది గురువు తర్కం. ఆ అబ్బాయి నిజాయితీ కూడా చివరికి అతని పుట్టుకకు సాక్ష్యంగానే పనికొచ్చింది. ఆత్మ గురించి అంత లోతుగా తరచిన గ్రంథంలోనూ చదువుల గుమ్మం దగ్గర నిలబడింది గోత్రమే.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు రాజు మినాండరు, అంటే మిళిందుడు, భిక్షువు నాగసేనుణ్ని అడిగింది కూడా మీరెవరనే. నాగసేనుడన్నది ఒట్టి పిలుపే, దాని వెనక విడిగా ఓ మనిషంటూ ఎవరూ దొరకరన్నాడు భిక్షువు. మీరు వచ్చిన రథంలో చక్రం రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని రాజునే ఎదురు ప్రశ్నించాడు. మిళిందపన్హ గ్రంథంలోని ఈ వాదం నేటికీ తత్వశాస్త్ర తరగతుల్లో చెప్పుకుంటారు. అయితే ఆ సంభాషణ ఎటు తిరిగినా నాగసేనుడికి పోయేదేమీ లేదు. సత్యకాముడికి మాత్రం జవాబును బట్టే చదువు ఉంటుంది, లేదా ఊడుతుంది. మనిషి ‘నేను’ గురించి సాగిన ఆలోచన అంతా ఈ రెండు పాయల్లోనే నడిచింది. తీరిగ్గా కూర్చుని తనను తాను ప్రశ్నించుకున్నవాళ్లది ఒక పాయ. ఎదుటివాడు నిలదీస్తే జవాబు చెప్పుకోవలసి వచ్చినవాళ్లది రెండోది. ఆధునిక మనస్తత్వ, సామాజిక శాస్త్రాలను మలుపు తిప్పినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో పాయవాళ్లే.

యూరప్‌లో మొదటి పాయకు పెద్దపేరు జాన్ లాక్. 1694లో తన గ్రంథం రెండో ముద్రణలో చేర్చిన అధ్యాయంలో ఆయన ఒక ఊహ చేశాడు. రాకుమారుడి జ్ఞాపకాలన్నీ ఓ చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వస్తే ఆ మనిషి ఎవరు? రాకుమారుడేనన్నాడు లాక్. దేహం మారినా, తెలివిడీ జ్ఞాపకమూ కొనసాగితే వ్యక్తి కొనసాగినట్టే. చేసిన పనికి ఎవరు బాధ్యులో తేల్చడానికీ అదే గీటురాయి. 1739లో డేవిడ్ హ్యూమ్ అదీ ఒప్పుకోలేదు. లోపలికి ఎంత తొంగిచూసినా ఏదో ఒక వేడో చలో, ఇష్టమో కష్టమో తగులుతున్నాయి తప్ప వాటన్నిటికీ సొంతదారు ఎక్కడా కనబడడం లేదన్నాడు. నాగసేనుడి రథం అక్కడికి మరోదారిన చేరినట్టయింది. అయినా ఈ చర్చలో ఆ చెప్పులు కుట్టేవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

1890లో హార్వర్డ్ ఆచార్యుడు విలియం జేమ్స్ మనస్తత్వశాస్త్రం మీద తన ఉద్గ్రంథం ప్రచురించాడు. తెలుసుకునే నేను వేరు, తెలియబడే నేను వేరు అని విడదీశాడు. ఈ రెండోదాంట్లో ఒళ్లూ ఇల్లూ ఆస్తీ ఒక వరుస, మనోవృత్తులు ఇంకో వరుస. ఈ రెంటి మధ్య ‘సామాజిక నేను’కు చోటిచ్చాడు. మనల్ని గుర్తించేవాళ్లు ఎంతమందో మనకు అన్ని సామాజిక రూపాలు ఉంటాయన్నది ఆయన మాటల సారం. గది లోపల సాగుతున్న విచారణకు వీధి తలుపు తెరుచుకున్నది ఇక్కడే.

ఆ తలుపు బయట ఏం జరుగుతోందో చెప్పింది జేమ్స్ శిష్యుడే. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో 1868లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. చిన్నతనంలో బడిపిల్లలంతా సరదాకి విజిటింగ్ కార్డులు కొని ఇచ్చిపుచ్చుకుంటుంటే, ఊరికి కొత్తగా వచ్చిన ఓ పొడుగాటి అమ్మాయి ఇతని కార్డు ఒక్కటీ పుచ్చుకోలేదు. ఒక్క చూపుతో పక్కకు తోసేసింది. తాను మిగతావాళ్ల నుంచి ఓ తెర అవతల ఉన్నానని అప్పుడే తెలిసిందని 1903లో రాసుకున్నాడు. హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతీయుడాయన. తనను తాను ఎప్పుడూ ఇతరుల కళ్లతో చూసుకుంటూ, వాళ్ల తిరస్కారపు కొలబద్దతో కొలుచుకుంటూ బతకడాన్ని ఆయన ‘జంట చైతన్యం’ అన్నాడు. 1902లో చార్లెస్ కూలీ కూడా మన గురించి మన భావన ఎదుటివాళ్లనే అద్దంలో చూసుకున్న ప్రతిబింబమన్నాడు. కానీ కూలీ అద్దం అందరికీ ఒకటే. అద్దమే ఒకరిని వంకరగా చూపిస్తే ఏమవుతుందో డుబోయిస్ అనుభవంతో చెప్పాడు.

షికాగోలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ దీన్ని సిద్ధాంతంగా కట్టాడు. పిల్లలు ఆటలో ఇతరుల పాత్రలు ధరించడం నేర్చుకుంటూనే ‘నేను’ను సంపాదించుకుంటారని ఆయన వివరణ. ఆయన పోయాక 1934లో విద్యార్థుల నోట్సు ఆధారంగా అది పుస్తకంగా వచ్చింది. మీడ్ మిత్రుడు జాన్ డ్యూయీ కొలంబియాలో పాఠం చెబుతున్న రోజుల్లో అక్కడ కూర్చుని విన్నవాడు అంబేడ్కర్.

అంబేడ్కర్ విదేశీ చదువు మధ్యలోనే ఆపుకుని 1917లో బరోడా కొలువుకు వచ్చాడు. విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నాడు. తీరా బరోడాలో దిగాక ఉండడానికి చోటు దొరకలేదు. ఓ పార్శీ సత్రంలో పార్శీ పేరుతో పుస్తకంలో సంతకం పెట్టి, మేడమీద పాత సామాన్ల మధ్య గుడ్డి లాంతరు వెలుతుర్లో రోజులు నెట్టాడు. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకుని డజను మంది పార్శీలు మెట్లెక్కి వచ్చి, నువ్వెవరని గద్దించారు. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాల్సి వచ్చింది. తెలిసినవాళ్లలో ఒక హిందువు, ఒక క్రైస్తవుడు కూడా ఇంట్లో పెట్టుకోలేమన్నారు. ఆ రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయాడు. మెట్లమీద వినబడ్డ ప్రశ్నకు లాక్ దగ్గర జవాబు లేదు. జ్ఞాపకాలు అవే, చదువూ అదే. ఊరు మారేసరికి ‘నేను’ మారిపోయింది.

ఈ విషయంలో నేటికీ వాడుకలో ఉన్న ‘ఐడెంటిటీ క్రైసిస్’ అన్నమాటను ప్రచారంలోకి తెచ్చిన ఎరిక్ ఎరిక్‌సన్ కథా ఇలాంటిదే. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్ యూదు స్త్రీ, కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. మారుతండ్రి పిల్లల వైద్యుడు హోంబర్గర్. నీలికళ్లు, బంగారు జుట్టున్న ఈ కుర్రాణ్ని యూదుల ప్రార్థనా మందిరంలో పరాయివాడన్నారు, జర్మన్ బళ్లో యూదుడన్నారు. హిట్లర్ వచ్చిన 1933లో వియన్నా వదిలాడు. 1939లో అమెరికా పౌరసత్వంతోపాటు కొత్త ఇంటిపేరు పెట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన సైనికులకు చికిత్స చేస్తూ, నిన్నటి నేనే నేడూ ఉన్నానన్న భరోసా వాళ్లలో తెగిపోవడం గమనించాడు. 1950లో వెలువరించిన పుస్తకంలో జీవితాన్ని ఎనిమిది దశలుగా చూపి, తానెవరో తేల్చుకునే పనిని కౌమారానికి అప్పగించాడు. 1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మెను కేంద్రంగా చేసుకుని 1969లో గాంధీ మీద రాసిన పుస్తకమూ ఆయనదే.

హెన్రీ టాజ్‌ఫెల్ ప్రశ్నను అడిగేవాడివైపు తిప్పాడు. పోలండ్ యూదుడైన అతను ఫ్రెంచి సైన్యంలో ఉండగా 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఫ్రెంచివాడిగానే చెలామణీ అయి బతికిపోయాడు. తిరిగొచ్చేసరికి ఇంటివాళ్లెవరూ మిగల్లేదు. 1970లో అతను ప్రకటించిన ప్రయోగం, 14–15 ఏళ్ల బ్రిస్టల్ బడిపిల్లల మీద చేసింది, చూడ్డానికి చాలా చిన్నది. క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరి బొమ్మల్లో ఏవి నచ్చాయో అడిగి, దాని ప్రకారం రెండు జట్లు చేశామని చెప్పారు. నిజానికి ఎవరు ఏ జట్టో లాటరీ పద్ధతిలోనే తేల్చారు. ఒక జట్టువాళ్లకు రెండో జట్టుతో ఏ తగాదా లేదు, జట్టులో ఎవరున్నారో కూడా తెలియదు. ఇతరులకు డబ్బులు పంచమంటే తమ జట్టువైపే మొగ్గారు. అంతకన్నా చిత్రం, తమవాళ్లకు నాలుగు డబ్బులు తగ్గినా సరే, అవతలివాళ్లకంటే పైచేయి ఉండాలని చూశారు. 1979లో జాన్ టర్నర్‌తో కలిసి అతను చెప్పిన సిద్ధాంతం ప్రకారం మనకు మన మీదుండే గౌరవంలో కొంతభాగం మన గుంపు నుంచి, అది ఇంకో గుంపుకంటే పైన ఉందన్న లెక్క నుంచి వస్తుంది.

సంస్కృతి సంగతి ఆలస్యంగా వచ్చింది. 1978లో సుధీర్ కకర్, ఎరిక్‌సన్ దగ్గర పనిచేసినవాడే, భారతీయ బాల్యాన్ని ఫ్రాయిడ్ కొలతలతో యథాతథంగా కొలవడం కుదరదన్నాడు. 1991లో హేజెల్ మార్కస్, షినోబు కితయామా ఇద్దరూ కలిసి, అమెరికాలో ‘నేను’ విడిగా నిలబడేదనీ, జపాన్‌లాంటి చోట్ల అయినవాళ్లతో అల్లుకుని ఉండేదనీ వాదించారు. ఇది ఉపయోగపడే తేడాయే. కానీ మనవాళ్లు అల్లుకుని బతుకుతారని మురిసిపోయేముందు, ఆ అల్లికలోకి ఎవరిని రానిస్తారో, ఎవరిని వాకిట్లోనే నిలబెడతారో చూడాలి. బరోడాలో ఎవరి ‘మనవాళ్లు’ వాళ్లకు బాగానే ఉన్నారు.

తెలుగునేల మీద ఈ చరిత్ర పుస్తకాల్లోకంటే ముందు వీధిలోనే జరిగింది. 1985 కారంచేడు, 1991 చుండూరు దళితుల ఊచకోతల తర్వాత రాతలో ‘నేను’ మారింది. 1993లో స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లిం కవుల ‘జల్‌జలా’ వచ్చాయి. స్త్రీ అన్న మాటలో, దళితులు అన్న మాటలో తాము పూర్తిగా ఇమడలేదన్న దళిత స్త్రీల రచనలకు 2003లో ‘నల్లపొద్దు’ చోటైంది. 1989లో కింబర్లీ క్రెన్‌షా అమెరికా నల్లజాతి స్త్రీల కోర్టు కేసులు పరిశీలించి చెప్పిన సంగతికి ఇది దగ్గరి చుట్టం.

వీటన్నిటిలోకీ నాకు పెద్ద మలుపుగా కనిపించేది 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా. అప్పటిదాకా ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, వాడ అడిగి రాబట్టే మాటను కార్యకర్తలు పేరు చివర తామే తగిలించుకున్నారు. అడిగేవాడికి అడగడానికి ఏమీ మిగల్చలేదు. సత్రం పుస్తకంలో దాచుకోవలసి వచ్చినదాన్ని ఇక్కడ బ్యానరు మీద రాశారు. సిగ్గుపడాల్సిన భారాన్ని అడిగినవాడి నెత్తికే ఎత్తడం ఏ మనస్తత్వశాస్త్ర గ్రంథమూ నేర్పిన ఉపాయం కాదు.

ఈ అస్తిత్వాల గోల ఎందుకు, అందరం మనుషులమే కదా అనేవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. మంచిమాటే. అయితే ఆ మాట అనగలగాలంటే, ఇల్లు అద్దెకు వెతుక్కునేటప్పుడో, సంబంధం మాట్లాడుకునేటప్పుడో మీరెవరనే ప్రశ్నకు భయపడనవసరం లేకుండా బతికి ఉండాలి. ఆ నిశ్చింత కూడా పుట్టుకతో, గుంపుతో దక్కిన అస్తిత్వమే. మోసేవాడికి బరువు తెలియదు కాబట్టి దానికి ఎవరూ పేరు పెట్టలేదు. నిలదీతకు గురైనవాళ్లు తమ ‘నేను’ లెక్క నూరేళ్లకు పైగా అప్పజెబుతూనే ఉన్నారు. టాజ్‌ఫెల్ బడిపిల్లల దగ్గర మొదలుపెట్టిన రెండో లెక్కను, అంటే అడిగేవాడి లెక్కను, ఎవరికి వాళ్లు తమ ఇంట్లోనే తీయాల్సి ఉంది.